దిమ్మ నడుమ తెలుపు

గంట అన్నాడు ఇరాకీ కెప్టెన్. నాకు అరబ్బీ రాదనుకుని వేలొకటి ఎత్తి కూడా చూపించాడు. ఏడేళ్ల నుంచి కువైట్‌లో ఉన్నాను, గంటకు ఏమంటారో తెలుసు. గంటసేపు ఈ లోడింగ్ గట్టు మీద, అతను కూర్చున్న కాటా గది కిటికీకి ఎదురుగా, నిలబడాలి. కూర్చోకూడదు, నీళ్లు తాగకూడదు, కక్కకూడదు. గంట తర్వాత నేను నిలబడి ఉంటే నేను తిన్న ఐసులో విషం లేనట్టు, అమోనియా సిలిండర్ల గదిలో పొద్దున ఏడు నుంచి తాళం వేసి పెట్టిన, నాతోపాటు ఇక్కడ ఐసు పని చేసే జిలానీ బాషాను వదిలేస్తాడు. కక్కితే విషం ఉన్నట్టు, జిలానీని గోడ దగ్గరికి తీసుకుపోతారు. ఏ గోడో కూడా చూపించాడు. ఈ ఐసు ఫ్యాక్టరీ పడమటి గోడ. పోయిన రంజానుకు ముందు దానికి సున్నం కొట్టింది నేనూ జిలానీనే. కిటికీలోంచి గడియారం కనిపిస్తుంది. మొదలైనప్పుడు పది దాటి అయిదు నిమిషాలు. ఇప్పుడు పది దాటి పదకొండు. తొంభయ్యో సంవత్సరం ఆగస్టు ఇరవయ్యో తారీఖు, సులైబియాలో రేకుల కప్పు కింద, ఎదురుగా నేను రంపంతో కోసిన ఐసు దిమ్మ రెండు ముక్కలుగా పడి ఉంది, నీళ్లు కారుతూ. అందులో ఏముందో అందులోనే రాసి ఉంది. చదివేవాడు కావాలి. కెప్టెన్ చదవలేదు, వంగి చూడను కూడా లేదు, బూటు కొనతో తోసి, ఇది ఎందుకు తెల్లగా ఉంది అన్నాడు.

హవా అన్నాను. గాలి, సార్, అంతే. గాలి తెల్లగా ఉంటుందా అని తన సైనికుల వైపు తిరిగాడు. వాళ్లు నవ్వారు. నవ్వినవాళ్లలో ఇద్దరికి ఆ గాలి ఎక్కడి నుంచి వచ్చిందో నాకన్నా బాగా తెలుసు. డబ్బాలో నీళ్లు పోసి ఉప్పునీళ్ల తొట్టిలో దింపితే గడ్డకట్టడం అంచుల దగ్గర మొదలై నడిమికి వస్తుంది. గడ్డకట్టే నీరు తనలో ఉన్న గాలిని ముందుకు నెడుతూ వస్తుంది. ప్రతి డబ్బాలోకీ సన్నటి గొట్టం వేలాడుతుంది. మోటారు అందులోంచి గాలి ఊది నీళ్లను కదుపుతూ ఉంటే, బయటపడిన బుడగలు పైకి పోతాయి, దిమ్మ అవతల పెట్టిన అక్షరం ఇవతల నుంచి చదవవచ్చు. ఊదడం ఆగితే బుడగలు ఎక్కడివక్కడ చిక్కుకుంటాయి. చిక్కుకున్న చోటు తెల్లగా ఉంటుంది. ఆ మోటారును ఈ నెల పన్నెండున అతని మనుషులే విప్పారు. నాలుగు బోల్టులు. స్పానరు నా దగ్గరే అడిగి తీసుకున్నారు, పని అయ్యాక తిరిగి ఇవ్వలేదు. మోటారు పక్కనే ఉన్న చిన్న పంపును కూడా లారీ ఎక్కించారు. లారీ బస్రా దారి పట్టింది. పదమూడో తారీఖు నుంచి దిమ్మల నడుమ తెలుపు మొదలైంది, అంచుల దగ్గర మాత్రం ఇదివరకటిలాగే ఉంటుంది, ఎందుకంటే మొదట్లో నీళ్లలో గాలి తక్కువ, గడ్డకట్టే కొద్దీ మిగిలిన నీళ్లలో ఎక్కువవుతుంది. ఎనిమిది రోజుల దోపిడీ గుర్తు ప్రతి దిమ్మలోనూ ఉంది. దొంగతనం చేసినవాడు ఆ గుర్తును పట్టుకుని నన్ను అడుగుతున్నాడు, ఏం కలిపావని.

తెలుపు అంటే గాలి అని నాకు చెప్పింది సర్వే ఆఫీసరు సుధాకర్ సారు. చెప్పిన చోట ఎండ లేదు. ఉన్నా కాల్చే ఎండ కాదు. మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర డ్రిల్లు పట్టుకునే కూలీని నేను. సర్వే వాళ్లు ఆ డ్రిల్లును హిమాచల్‌కు తరలించినప్పుడు, దాన్ని పట్టుకోవడం తెలిసిన మనిషి కూడా కావాలని నన్ను దానితోపాటే రైలు ఎక్కించారు. డెబ్బై తొమ్మిది, ఎనభై, ఎనభై ఒకటి, మూడు వేసవులు. బస్సు దిగాక నాలుగు రోజులు నడిస్తే వాళ్లు కొలిచే మంచునది, గ్లేసియరు, వస్తుంది. లక్కిరెడ్డిపల్లెలో పుట్టినవాణ్ణి, ఐసంటే నాకు రంగు వేసిన పుల్ల ఐసు. అక్కడ అది రెండు కొండల మధ్య కదులుతున్న నేల. అందులో పద్దెనిమిది మీటర్ల లోతు పగులు ఒకటి ఉండేది. నడుముకు తాడు కట్టి నన్ను అందులోకి దించేవారు. గోడ నిండా పొరలు. జానెడు తెలుపు, కింద నల్లటి దారం, మళ్లీ తెలుపు, మళ్లీ దారం. తెలుపు ఒక చలికాలం పడిన మంచు, దారం ఆ తర్వాతి వేసవి దుమ్ము. రెండూ కలిస్తే ఏడాది. నేను టేపు పెట్టి అంగుళాలు అరుస్తాను, పైన సారు రాసుకుంటాడు. అడుక్కు పోయే కొద్దీ తెలుపు తగ్గి నీలం వస్తుంది, పైబరువుకు గాలి పిండుకుపోయి. సాయంత్రం డేరాలో సారు, నేను లోతు నుంచి తెచ్చిన, ఇంకా తెలుపు మిగిలిన ముక్క ఒకటి స్టీలు గ్లాసు నీళ్లలో వేసి నా చెవి దగ్గర పెట్టాడు. టిక్కుటిక్కుమని చిట్లుతోంది. "నువ్వు పుట్టక ముందటి గాలయ్యా మునీంద్రా, ఇప్పుడు బయటికొస్తోంది" అన్నాడు.

చిట్లేది ఇప్పుడు నా కడుపు. పది దాటి ఇరవై రెండు. నిన్న మధ్యాహ్నం ఒక ఖుబ్బూస్ రొట్టె తిన్నాను, ఆ తర్వాత ఏమీ లేదు, ఖాళీ కడుపులో పిడికెడు ఐసు. కెప్టెన్ చూస్తుండగా దిమ్మ నడుమ నుంచి గొడ్డలి మూతితో రాల్చి, నమిలి, మింగాను. మొదట ఉప్పు తగిలింది. ఉప్పునీళ్ల తొట్టి నుంచి చిమ్మి ఉంటుందనుకున్నాను. రెండోసారి నమిలేటప్పుడు డీజిల్ తగిలింది. అప్పటికి మింగేశాను. నడుమ తీయాల్సిన నీళ్లు తీయలేదు, అది అర్థమైంది. ఐసు గాలినే కాదు, తనది కానిదాన్ని దేన్నయినా నెడుతుంది. ఉప్పును, మురికిని, నూనెను. నెట్టి నెట్టి అన్నిటినీ నడిమికి చేరుస్తుంది. అందుకే దిమ్మ మూడొంతులు గడ్డకట్టాక, నడుమ మిగిలిన నీళ్లను చిన్న పంపుతో లాగి పారబోసి మంచినీళ్లు నింపుతాం. ఆ చిన్న పంపు లారీలో బస్రా పోయింది. పదహారున పైపులో నీళ్లు ఆగిపోయాయి. అప్పటి నుంచి సైన్యం టాంకరే మా డబ్బాలు నింపుతోంది. టాంకరు పక్కన అక్షరాల మీద రంగు పూసి ఉంది, కింద ఏం రాసి ఉండేదో ఇప్పుడు నా నాలుకకు తెలుసు. పద్దెనిమిదిన ఆ ఐసు వేసుకున్న నీళ్లు తాగి పదకొండు మంది సైనికులు పడ్డారు. వాళ్ల టాంకరు, వాళ్ల డీజిల్, వాళ్లు పీకుకుపోయిన పంపు. తాళం జిలానీకి.

గాలి అని నేను చెప్పింది అబద్ధం కాదు. తెలుపు గాలే. కానీ అడిగింది తెలుపు గురించి, జబ్బు తెలుపులో లేదు, దానితోపాటు నడుమకు చేరినదానిలో ఉంది. ఇప్పుడు ఆ మాట చెప్పవచ్చు. కిటికీ దాకా పది అడుగులు. సార్, మీ టాంకరు అని చెప్పవచ్చు. చెబితే ఈ సైన్యం తన మనుషులకు తానే విషం పెట్టుకుందని ఒక ఐసు కూలీ అన్నట్టు. ఆ మాట విని ఏ కెప్టెన్ అయినా టాంకరు మూత తీసి వాసన చూస్తాడా, పడమటి గోడ దగ్గరికి ఒకరి బదులు ఇద్దరిని తీసుకుపోతాడా? నిజం చెబితే జిలానీ పోతాడు. చెప్పకుండా కడుపులో పెట్టుకుని నిలబడితే బతుకుతాడు. నా మాట సాక్ష్యం కాదు, దిమ్మ సాక్ష్యం కాదు, నా పేగులు సాక్ష్యం. ఏ కోర్టులోనైనా ఇట్లా అడుగుతారా?

సుధాకర్ సారు కూడా నా మాట నమ్మలేదు. రెండో వేసవిలో ఇరవై రెండో దారం దగ్గర నాకు అనుమానం వచ్చింది. నాలుగు వేళ్ల తెలుపు, రెండు వేళ్లు, ఆరు వేళ్లు. దాని కింద ఆరు, రెండు, నాలుగు. అద్దంలో చూసినట్టు తిరగబడి ఉంది. ఇవి ఆరేళ్లు కావు సార్, మూడేళ్లే, మడత పడ్డాయి అని అరిచాను. పైనుంచి ఆయన, "ఐసు మడత పడటానికి అదేమన్నా పంచె అనుకున్నావా, టేపు సరిగ్గా పట్టు" అన్నాడు. పైకొచ్చాక మళ్లీ చెప్పాను. కోప్పడ్డాడు. డిగ్రీ లేనివాడివి అని కూడా అన్నాడు. అన్నవాడు మర్నాడు పొద్దున తాడు తన నడుముకు కట్టుకున్నాడు. ఆయనకు ఎత్తంటే భయం, క్యాంపు మొత్తానికి తెలుసు. అయినా దిగాడు. నలభై నిమిషాలు లోపల ఉన్నాడు. పైకి లాగేసరికి పెదవులు నల్లబడ్డాయి, మాట రావడానికి టీ తాగాల్సి వచ్చింది. "మడతేనయ్యా" అన్నాడు. నోటుబుక్కు తీసి మూడు గీతలు కొట్టేశాడు. మూడో వేసవి తర్వాత మంజూరు లేదని నన్ను పనిలోంచి తీసేశారు, ఆ సంగతి వేరు. ఆ మనిషి దిగి చూశాడు. ఈ మనిషి దిమ్మ మీదికి వంగడానికి కూడా నడుము వంచలేదు. ఆయన పోవాల్సింది పద్దెనిమిది మీటర్లు. ఇతను వంగాల్సింది మూడడుగులు.

పది దాటి ముప్పై అయిదు. కాపలా సైనికుడు తుపాకీ ఒళ్లో పెట్టుకుని నీడలో కూర్చున్నాడు. నాసిరియా వాడట, మీసం ఇంకా సరిగ్గా కలవలేదు. ఇండియా వాళ్లందరినీ వీళ్లు హిందీ అనే పిలుస్తారు. "హిందీ, చచ్చేటట్టుంటే ముందే చెప్పు, ఎత్తి మోయాల్సింది నేనే, నాకింకా నాస్తా కాలేదు" అన్నాడు.  పలికితే నోరు తెరవాలి. సిలిండర్ల గది తలుపు మీద లోపలి నుంచి కొట్టిన చప్పుడు.

"మునీంద్రన్నా! ఉండావా?"

"ఉండా."

"నిలబడుకోనుండావా?"

"నిలబడుకొనే ఉండాలే, గమ్మునుండు."

"ఒక సిలిండరు కారతాందన్నా. కండ్లు మండతాండాయి. ఏదో కనపడ్డంల్యా."

"తలుపు పక్కనుంచి మూడోది. పోయిన వారం వాచరు మార్చింది అదే. కుడిపక్కకు తిప్పు. తుండు తడుపుకొని ముక్కుకు కట్టుకో."

"తడిపేదానికి నీళ్లేవన్నా ఈడ?"

"నీళ్లు లేకుంటే ఉచ్చ పోసుకో, మొగోడివి గదా."

లోపల దగ్గు, ఆ దగ్గులోనే నవ్వు. తర్వాత ఇనుము తిరిగిన చప్పుడు. ఆరు మాటలు మాట్లాడినందుకు నోటి నిండా నీరూరింది. మింగాను. డీజిల్ మళ్లీ పైకి వచ్చింది, మళ్లీ మింగాను. జిలానీ మూడు రోజుల కిందట ఊరికి పోయి ఉండాల్సినవాడు. మంగఫ్ నుంచి మనవాళ్ల బస్సు బయలుదేరింది, బస్రా మీదుగా బాగ్దాద్, అక్కడి నుంచి అమ్మాన్, అమ్మాన్ నుంచి విమానం అన్నారు. రాయచోటి వాళ్లే పద్నాలుగు మంది ఎక్కారు. పాస్‌పోర్టు లేకపోయినా ఇఖామా, ఇక్కడ ఉండటానికిచ్చే అనుమతి కాగితం, చాలట. పాస్‌పోర్టులు మిర్కాబ్ ఆఫీసులో బీరువాలో ఉండేవి. మమ్మల్ని పనికి రప్పించుకున్న యజమాని, కఫీల్, జూలై ఆఖరున లండన్ పోతూ తాళంచెవి జేబులో వేసుకుని పోయాడు. ఇప్పుడు బీరువా లేదు, ఆఫీసుకు తలుపు లేదు. ఆయన అక్కడ ఏ హోటల్లో ఉన్నాడో, మేం గుర్తొచ్చామో లేదో. జిలానీ బస్సు మెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చాడు. "మనమిద్దరం పోతే కంప్రెసరు ఎవరు చూస్తారన్నా? ప్రెజరు పెరిగి అమోనియా బయటపడితే ఈ చుట్టుపక్కల ఉండే నా కొడుకులందరూ పడి చస్తారు" అన్నాడు. చుట్టుపక్కల ఉండేది ఎవరు? ఫ్యాక్టరీ ఆవరణలో డేరాలు వేసుకున్న ఈ సైనికులే. వాళ్లు ఊపిరాడక చావకూడదని ఉండిపోయినవాణ్ణి, వాళ్లకు విషం పెట్టాడని ఆ అమోనియాతోనే కలిపి బిగించారు.

పది దాటి నలభై తొమ్మిది.  గ్లేసియరు కొన దగ్గర పొరలు పడుకుని ఉండవు, నిలబడి ఉంటాయి. వెనుక నుంచి తోస్తూ ఉంటే, పక్కల కొండలు నొక్కుతూ ఉంటే, అడ్డంగా పడినవన్నీ లేచి నిలువుగా నిలబడతాయి, తెలుపొకటి నీలమొకటి. మొదట ఏ పొర పైదో ఏది కిందిదో అక్కడ చెప్పలేం, నొక్కుడు వేసిన వరుసే మిగులుతుంది. వాటికి అడ్డంగా ఎక్కడన్నా నీలం గీత ఒకటి పోతుంది. పైన ఎప్పుడో పగిలి, పగులులో నీళ్లు నిండి, గడ్డకట్టి, మూసుకున్న చోటు అది. మూసుకుంది కానీ కలవలేదు, ఆ గీతను మోసుకుంటూనే కిందికి వస్తుంది. నిలబడాలి. నొక్కుతూంటే నిలబడటమే.  పళ్లు బిగించాను. నుదుటి చెమట కంట్లోకి దిగింది. తుడుచుకోవడానికి చేయి ఎత్తితే నోటికి అడ్డం పెట్టుకున్నాడని రాసుకుంటారేమో. ఎత్తలేదు. జిలానీ దగ్గడం మానేశాడు. వాల్వు దొరికిందా, పడిపోయాడా? పిలవాలంటే నోరు తెరవాలి. కాలి మడమతో గట్టును రెండుసార్లు తన్నాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత తలుపు మీద రెండు దెబ్బలు.

పదకొండు దాటి అయిదు. గంట అయింది. కిటికీలో కెప్టెన్ తల వంచి ఏదో కాగితం చదువుతున్నాడు. పదకొండు దాటి ఎనిమిది. సిగరెట్టు వెలిగించాడు. గడియారం అతని తలకు అడుగు ఎత్తున ఉంది, తల ఎత్తడు. సైనికుడు నన్ను చూసి భుజాలు ఎగరేశాడు. గంట అని వేలెత్తి చూపినవాడు తన గంటను కూడా పట్టించుకోడు. నేను ప్రతి నిమిషాన్నీ కడుపులో నొక్కి పెట్టి లెక్కపెడుతుంటే అతను మూడు నిమిషాలు తీరుబడిగా పొగ వదులుతాడు. అరవాలనిపించింది. అరిస్తే మాట ఒక్కటే రాదు. పదకొండు దాటి పద్నాలుగుకి కుర్చీ జరిపిన చప్పుడు. బయటికి వచ్చాడు. ఒక చేతిలో నీళ్ల సీసా, ఒక చేతిలో గాజుగ్లాసు. నన్ను పైనుంచి కిందికి చూశాడు. దిమ్మ దగ్గరికి నడిచాడు. గ్లాసు చాపి, ఐసు వెయ్యి అన్నాడు.

 నడుమ ముక్క వెయ్యమంటే వేయాలి. వేస్తే గుటకకు తెలిసిపోతుంది. వేయనంటే ఇంకా తొందరగా తెలిసిపోతుంది. గంటంతా నిలబడింది ఇందుకేనా? గొడ్డలి తీసుకున్నాను. ఎటు వంగాలో తెలియక ఒక క్షణం అట్లాగే ఉన్నాను. కెప్టెన్ బూటు కొనతో అంచు చూపించాడు. అవతలి నేల కనిపించే చోటు. దీనిలోంచి అన్నాడు. తెలుపులో ఏమీ లేదని నా కడుపుతో రుజువు చేయించుకున్నవాడు, రుజువైన తర్వాత తనకు మాత్రం అంచు ముక్క అడిగాడు. ఆలోచించి అడగలేదు. ముఖంలో అనుమానం లేదు, భయం లేదు. మంచి ముక్క తనదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు, అంతే. నాలుగు వేళ్ల మందాన అంచు రాల్చి గ్లాసులో వేశాను. తాగాడు. బాగుంది అన్నాడు. తాళంచెవి సైనికుడి వైపు విసిరి, సీసా గట్టు మీదే వదిలి, జీపెక్కి వెళ్లిపోయాడు. పోతూ తప్పయింది అనలేదు, ఒప్పయింది అనలేదు.

జిలానీ బయటికి వచ్చాడు. కళ్లు వాచి ఎర్రగా ఉన్నాయి. నన్ను చూడగానే భుజం పట్టుకుని తొట్టి షెడ్డు వెనక్కి నడిపించాడు. "కక్కన్నా. నేను అడ్డముంటా" అన్నాడు. తుండు విప్పి ఆరేస్తున్నట్టు రెండు చేతులా చాపి నిలబడ్డాడు, నా చప్పుడు సైనికుడికి వినపడకుండా గొంతెత్తి తిట్టడం మొదలుపెట్టాడు. "ఏమప్పా నువ్వు! పనంతా నా నెత్తిన ఏసి ఈడొచ్చి కూచుంటావా? సిగ్గు ల్యా? మీ లక్కిరెడ్డిపల్లె వాళ్లంతా ఇంతే!" గోడకు తల ఆనించి కక్కాను. మూడుసార్లు. మూడోసారి పసరు. జిలానీ తిట్టడం ఆపి ముక్కు ఎగబీల్చాడు.

"డీజిలు గదన్నా ఇది."

"టాంకరు."

జిలానీ తుండు దించాడు.

"నడిమి నీళ్లు నేను తీయలేదన్నా. పంపు ల్యాకపాయ గదా అని ఇడిసిపెట్నా. చెంబుతో తోడింటే సరిపోయేది. ఏడేండ్లు పంపుతో లాగి లాగి, చెంబు అనేది మతికే రాలేదు."

"నువ్వు తప్పు చేసినావని వాళ్లు నిన్ను లోపల ఏయల్యా. తెల్లగా ఉండాదని ఏసినారు."

"అయినా నాదే గదన్నా."

"తొట్టిలో ఎన్ని డబ్బాలుండాయి?"

"నూట ఇరవై. ఆ టాంకరు నీళ్లే. సందేళకు నడిమి దాకా గడ్డకడ్తాయి."

"అయితే రెండు చెంబులు తే. తోడి పారబోద్దాం."

"తోడినాక ఏం పోద్దాం? మంచినీళ్లు యాడుండాయి?"

"ఏం పొయ్యొద్దు. ఖాళీగా ఉండనీ."

"నడిమిలో బొక్క కనపడ్తాదన్నా. మళ్లా అడుగుతాడు వాడు."

"అడగనీరా. గమ్మునున్నా ఆ గోడ తప్పేట్టు లేదు. మోటారు ఎవురు పీకినారు, పంపు ఏ లారీ ఎక్కింది, టాంకరులో ముందు ఏముండె, ఈ తూరి అన్నీ చెప్తా. స్పానరు గూడా అడుగుతా."

జిలానీ నా ముఖంలోకి చూశాడు.  గట్టు మీదికి వెళ్లి కెప్టెన్ వదిలిపోయిన సీసా తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"ముందు నోరు పుక్కిలించు. చెంబు ఒకటే ఉండాది, ఇంకోటి టీ గిన్నె తెస్తా."